తెర పెద్దదా? బొమ్మ మంచిదా?

ఒకప్పుడు మన ఊళ్లలో టూరింగు టాకీసులు ఉండేవి. గుడారంలో ఒక కొసన తెల్లని తెర, రెండో కొసన ప్రొజెక్టరు. తెరకు దగ్గరగా ఇసుక పరిచిన నేల, దాని వెనుక బెంచీలు, ఆ వెనుక కుర్చీలు. నేల టికెట్టు అన్నిటికంటె చౌక. కుర్చీ టికెట్టు అన్నిటికంటె ప్రియం. నాటకానికీ హరికథకూ ముందు వరుసలో చోటు కోసం పోటీపడే జనం, సినిమా దగ్గరకు వచ్చేసరికి వెనుక కూర్చోవడానికి ఎక్కువ డబ్బు ఎందుకు ఇచ్చేవారు?

ముందు కూర్చుంటే మెడ నొప్పి పుడుతుంది. అది ఒక కారణం. రెండో కారణం తెరమీది బొమ్మలోనే ఉంది. 35 మిల్లీమీటర్ల ఫిల్ములో ఒక్కొక్క బొమ్మ వెడల్పు దాదాపు 22 మిల్లీమీటర్లు మాత్రమే. దానిని 6 మీటర్ల తెర నిండా పరిస్తే బొమ్మ సుమారు 270 రెట్లు పెరుగుతుంది. బొమ్మతోపాటు ఫిల్ముమీది గీతలూ, దుమ్మూ, రసాయనపు రేణువులూ అన్నీ 270 రెట్లు పెరుగుతాయి. నేలమీద కూర్చున్నవారికి కథానాయకుని ముఖం ఎంత పెద్దగా కనిపించేదో, ఆ ముఖంమీద కురిసే గీతల వాన కూడా అంత పెద్దగానే కనిపించేది. వెనక్కి వెళ్లేకొద్దీ ఆ గీతలూ చుక్కలూ కంటికి ఆనకుండా పోయి, బొమ్మ నున్నగా కనిపించేది.

సినిమా తీసేవారికి ఈ సంగతి బాగా తెలుసు. అందుకే తెరను పెద్దది చేయాలనుకున్నప్పుడు ఫిల్మును కూడా పెద్దది చేశారు. 70 మిల్లీమీటర్ల ఫిల్ము పుట్టింది అందుకే. తెలుగులో మొదటి 70 ఎం.ఎం. చిత్రం ‘సింహాసనం’ 1986లో వచ్చింది. తెర పెరగడం వేరు, ఆ తెరను నింపడానికి తగినంత బొమ్మ ఉండడం వేరు.

ఆ గుడారాలు పోయాయి. కాని నేల, కుర్చీ తగవు మాత్రం పోలేదు. ఇప్పుడది టీవీ రూపంలో మన ఇళ్లలోకీ, బడులలోకీ వచ్చింది. గోడలో సగం ఆక్రమించే 98 అంగుళాల, 100 అంగుళాల టీవీలు అంగళ్లలో దొరుకుతున్నాయి. అదే డబ్బుకు అంతకంటె చిన్నదైనా ఎంతో మేలైన బొమ్మను చూపే టీవీ కూడా దొరుకుతుంది. ఏది కొనాలి?

పాఠ్యపుస్తకాల పనిమీద తమిళనాట సరిహద్దు జిల్లాలోని ఒక తెలుగు బడికి వెళ్లినప్పుడు సరిగ్గా ఈ ప్రశ్నమీదే పెద్దలు తర్జనభర్జన పడుతుండడం చూశాను. ఆ బడి పూర్వ విద్యార్థులు చందాలు వేసుకొని ఆరో తరగతి గదికి ఒక పెద్ద టీవీ కొనాలని తలపెట్టారు. పోగైన సొమ్ముతో సాధారణ రకం 98 అంగుళాల టీవీ వస్తుంది, లేదా మేలు రకం 75 అంగుళాల టీవీ వస్తుంది. రెండోసారి చందా అడిగే వీలు లేదు. ఆ పిల్లలకు బస్సు పలకమీదా, అంగడి బోర్డుమీదా, మందుల చీటీమీదా కనిపించేది వేరే లిపి. తెలుగు అక్షరం కనిపించేది పుస్తకంలో, నల్లబల్లమీద, ఇకమీదట ఆ టీవీలో. చివరి బెంచీ పిల్లకు ఆ అక్షరం ఆనకపోతే తెలుగు పాఠమే ఆనదు. కనుక అది వేడుక కోసం కొనే వస్తువు కాదు.

వారి వాదం సంగతి తరువాత చెబుతాను. ముందు టీవీ కొలతలను గురించి తెలుసుకుందాం.

98 అంగుళాల టీవీ అంటే 98 అంగుళాల వెడల్పు ఉన్నదని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. టీవీ తెరను మూల నుంచి మూలకు కొలుస్తారు. మీ లెక్కల పుస్తకంలో దీర్ఘచతురస్రానికి గీసే కర్ణమే ఆ కొలత. ఇప్పటి టీవీలన్నిటికీ వెడల్పు 16 పాళ్లయితే ఎత్తు 9 పాళ్లు. ఈ లెక్కన 98 అంగుళాల తెర వెడల్పు సుమారు 217 సెంటీమీటర్లు, ఎత్తు 122 సెంటీమీటర్లు. 75 అంగుళాల తెర వెడల్పు 166 సెంటీమీటర్లు, ఎత్తు 93 సెంటీమీటర్లు. కర్ణం మాత్రమే చూస్తే మొదటిది రెండోదానికంటె 31 శాతమే ఎక్కువ. వైశాల్యం చూస్తే 71 శాతం ఎక్కువ. కర్ణం రెట్టింపైతే వైశాల్యం నాలుగు రెట్లవుతుంది. నాలుగు 43 అంగుళాల టీవీలను రెండేసి చొప్పున రెండు వరుసలుగా పేరిస్తే ఒక 86 అంగుళాల టీవీ అవుతుంది. పటం వేసి చూసుకోండి.

పాతకాలపు గాజుగొట్టం టీవీలలో ఇంత పెద్ద తెర అసాధ్యం. ఆ గొట్టం లోపల గాలి ఉండదు. బయటి గాలి ప్రతి చదరపు సెంటీమీటరునూ దాదాపు ఒక కిలో బరువుతో నొక్కుతుంది. తెర పెరిగితే ఆ ఒత్తిడిని ఓర్చుకోవడానికి గాజును మందంగా పోయాలి. 1989లో జపానుకు చెందిన సోనీ సంస్థ 43 అంగుళాల గొట్టపు టీవీని తయారుచేసింది. దాని తెరమీద పడే గాలి ఒత్తిడిని లెక్కకడితే ఐదు టన్నులు దాటుతుంది. ఆ టీవీ బరువు సుమారు 200 కిలోలు! దానిని ఎత్తాలంటే నలుగురైదుగురు కావాలి. గొట్టం పోయి పలుచని పలక వచ్చాక ఈ అడ్డు తొలగింది. ఇప్పుడు తెర ఎంత పెద్దదైనా చేయవచ్చు. చిక్కల్లా ఆ తెరమీద ఏమి కనిపిస్తుందన్నదే.

టీవీ తెర చుక్కల కూర్పు. ఒక్కొక్క చుక్కను పిక్సెల్ అంటారు. ఇది అర్థం కావడానికి మన ముగ్గును మించిన ఉపమానం లేదు. పదిహేను చుక్కల ముగ్గును నోటుపుస్తకంలో వేయవచ్చు, వాకిలి నిండా కూడా వేయవచ్చు. వాకిలి పెద్దదని చుక్కల సంఖ్య పెరగదు, చుక్కకూ చుక్కకూ నడుమ ఎడం పెరుగుతుంది, అంతే. పుస్తకంలో చిలకలాగా ఒద్దికగా ఉన్న బొమ్మ వాకిట్లో విస్తరించేసరికి కోణాలు తేలి కనిపిస్తుంది. పెద్ద వాకిట్లో కూడా అంతే ఒద్దికగా రావాలంటే చుక్కలే ఎక్కువ పెట్టాలి.

టీవీలోనూ ఇదే జరుగుతుంది. 1926 జనవరి 26న జాన్ లోగీ బెయిర్డ్ లండన్‌లో మొదటిసారిగా టెలివిజన్‌ను నలుగురికీ చూపినప్పుడు ఆ బొమ్మలో ఉన్నవి 30 గీతలు మాత్రమే. మనిషి ముఖమని గుర్తుపట్టగలిగితే అదే గొప్ప. మన దేశంలో 1959లో ప్రసారాలు మొదలైనప్పటి నుంచి చాలాకాలం వాడిన పద్ధతిలో 625 గీతలు. వాటిలో బొమ్మను మోసేవి 576. ఆ తరువాత వచ్చిన ఫుల్ హెచ్‌డీ తెరలో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు, అంటే మొత్తం సుమారు 20 లక్షల 74 వేలు. 4కె అనేదానిలో 3840, 2160 చొప్పున సుమారు 83 లక్షలు. 8కె తెరలో 3 కోట్ల 31 లక్షలకు పైగా ఉంటాయి. ఈ సంఖ్యలు తెర కొలతను బట్టి మారవు. 43 అంగుళాల 4కె టీవీలో ఎన్ని చుక్కలో 98 అంగుళాల 4కె టీవీలోనూ అన్నే. చిన్న టీవీలో చుక్క వెడల్పు పావు మిల్లీమీటరు, పెద్ద టీవీలో అర మిల్లీమీటరు దాటుతుంది.

చుక్క పెద్దదైతే బొమ్మ చెడిపోయినట్లేనా? కాదు. చుక్క మన కంటికి విడిగా కనిపించినప్పుడే చెడినట్లు. ఎంత చుక్క ఎంత దూరం నుంచి కనిపిస్తుందో లెక్క ఉంది.

బడిలో కంటి పరీక్ష చేసినప్పుడు మీరు చూసే అక్షరాల పట్టికను 1862లో హెర్మన్ స్నెల్లెన్ అనే డచ్చి వైద్యుడు రూపొందించాడు. దానిలో లెక్క ఇది. వృత్తంలో 360 డిగ్రీలు ఉంటాయి. ఒక్కొక్క డిగ్రీని 60 భాగాలు చేస్తే ఒక భాగం నిమిషం. మన పూర్వుల గణితంలో దీని పేరు ‘కళ’. మంచి చూపు గలవారు ఒక కళ పరిమాణం గల గీతను గుర్తించగలరు. ఒక మీటరు దూరంలో కళ అంటే 0.29 మిల్లీమీటరు. మూడు మీటర్ల దూరంలో 0.87 మిల్లీమీటరు. ఏడు మీటర్లలో రెండు మిల్లీమీటర్లు. అంతకంటె చిన్న చుక్కలు పక్కపక్కన ఉంటే కన్ను వాటిని కలిపి ఒకటిగా చూస్తుంది.

ఇప్పుడు 98 అంగుళాల తెరకు ఈ కొలబద్ద పెట్టి చూడండి. 4కె తెర అయితే చుక్క 0.57 మిల్లీమీటరు. రెండు మీటర్ల దూరంలో కూర్చున్నా చుక్కలు కనిపించవు. ఫుల్ హెచ్‌డీ బొమ్మ అయితే చుక్క 1.13 మిల్లీమీటర్లు. దాదాపు నాలుగు మీటర్లు వెనక్కి జరగాలి. ఇక 576 గీతల పాత కార్యక్రమాన్ని ఆ తెర ఎత్తు మేరకు సాగదీస్తే ఒక్కొక్క గీత మందం రెండు మిల్లీమీటర్లు దాటుతుంది. ఏడు మీటర్లకు పైగా దూరం పోతే తప్ప ఆ గీతల ముతకతనం కంటికి తగులుతూనే ఉంటుంది. ఇంటి ముందుగదిలో అంత దూరం ఎక్కడిది? గోడ పగలగొట్టి వీధిలో కూర్చోవాలి!

“మా పాత డబ్బా టీవీలో అంత చక్కగా కనిపించిన పాత సినిమా, లక్షలు పోసి కొన్న కొత్త టీవీలో అలుక్కుపోయినట్టు ఉందేమిటి?” అని పెద్దవాళ్లు వాపోవడం మీరు వినే ఉంటారు. ఆ సినిమా ఏమీ మారలేదు. 21 అంగుళాల పాత టీవీలో ఒక గీత మందం అర మిల్లీమీటరుకు కొంచెం ఎక్కువ. మంచంమీద కూర్చొని మూడు మీటర్ల నుంచి చూసేవారికి అది ఆనేది కాదు. లోపం అప్పుడూ ఉంది, తెర చిన్నది కావడంవల్ల దాగింది.

కొత్త టీవీలు తక్కువ చుక్కల బొమ్మను తీసుకొని, నడుమ చుక్కలను తామే ఊహించి నింపుకుంటాయి. ఇటు నలుపు, అటు తెలుపు ఉంటే మధ్య చుక్క బూడిదరంగు కావచ్చునని లెక్కకట్టే పని అది. మంచి టీవీ ఈ పనిని నేర్పుగా చేస్తుంది, నాసిరకం టీవీ అంచులను గరుకుగా చేస్తుంది. ఎంత నేర్పు ఉన్నా చిత్రీకరించినప్పుడు లేని వివరాన్ని సరిగ్గా తెచ్చిపెట్టడం ఎవరి తరమూ కాదు. అరిగిపోయిన శాసనంలో పోయిన అక్షరాన్ని పండితుడు ఊహించి పూరించినట్లే అది. ఊహ ఒప్పు కావచ్చు, తప్పూ కావచ్చు.

ఇంకొక సంగతి. తెరలో 83 లక్షల చుక్కలున్నా, లోపలికి వచ్చే సమాచారం ఎంత అన్నది వేరే ప్రశ్న. ఫుల్ హెచ్‌డీ బొమ్మను సెకనుకు 25 చొప్పున ఏమీ తగ్గించకుండా పంపాలంటే సెకనుకు 124 కోట్ల బిట్లు కావాలి. ఉపగ్రహంగాని కేబులుగాని అంత మోయవు. అందులో నూరో వంతో అంతకంటె తక్కువో మాత్రమే పంపుతారు. కదలని భాగాలను మళ్లీమళ్లీ పంపకుండా, దాదాపు ఒకే రంగుగా ఉన్న భాగాలను ఒక గడిగా కట్టి కుదిస్తారు. కుదింపు మితిమీరితే ఆటగాడు పరుగెత్తినప్పుడు వెనుక గడ్డి గళ్లుగళ్లుగా విడిపోతుంది. 32 అంగుళాల టీవీలో ఆ గళ్లు ఎవరి కంటా పడవు. 98 అంగుళాల టీవీలో చదరంగం బల్లలాగా కనిపిస్తాయి. పెద్ద తెర మంచి బొమ్మను ఎంత ఘనంగా చూపుతుందో చెడ్డ బొమ్మ గుట్టును అంత నిర్దాక్షిణ్యంగా బయటపెడుతుంది.

ఇంతవరకూ చుక్కల సంగతే చెప్పుకున్నాం. బొమ్మ నాణ్యత అంటే చుక్కల సంఖ్య ఒకటే కాదు. నా మట్టుకు నాకు అది అన్నిటికంటె ముఖ్యమైనది కూడా కాదు. అంగడివారు దానినే ముందు చెప్పడానికి కారణం అంకె చెప్పడం సులువు కావడమే. నలుపు ఎంత నలుపుగా ఉంది, తెలుపు ఎంత వెలుగుతోంది, పక్కనుంచి చూస్తే రంగు నిలుస్తోందా అన్నవాటికి అంత సులువైన అంకెలు లేవు.

ఎల్‌సీడీ టీవీలో తెర వెనుక సన్నని దీపాలు వెలుగుతుంటాయి. ముందున్న ద్రవస్ఫటికాలు కిటికీ రెక్కల మాదిరిగా ఆ వెలుతురును కావలసినచోట వదులుతూ అక్కరలేనిచోట ఆపుతూ ఉంటాయి. రెక్క ఎంత బిగించి మూసినా సందులోంచి కొంత వెలుగు కారుతుంది. అందువల్ల నలుపు రంగు నల్లగా ఉండక బూడిదగా కనిపిస్తుంది. దీనికి విరుగుడుగా వెనుక దీపాలను భాగాలుగా విభజించి, చీకటి ఉన్నచోట దీపాన్ని తగ్గించే ఏర్పాటు చేస్తారు. ఇక్కడే పెద్ద తెర గడ్డు సమస్య తెస్తుంది. 65 అంగుళాల టీవీలో దీపాలు 100 భాగాలుగా ఉన్నాయనుకుందాం. ఒక్కొక్క భాగం వైశాల్యం 116 చదరపు సెంటీమీటర్లు. అదే 100 భాగాలు 98 అంగుళాల టీవీలో ఉంటే ఒక్కొక్కటి 265 చదరపు సెంటీమీటర్లు. అంటే అర పుట అంత! నల్లని ఆకాశంలో ఒక్క చుక్కను చూపాలంటే ఆ అర పుట మేరా దీపం వెలగాలి. అప్పుడు నక్షత్రం చుట్టూ మసక కాంతి ఆవరిస్తుంది. వర్షం వచ్చే ముందు చంద్రుని చుట్టూ కట్టే గుడివంటిదే అది. ఈ దీపాల భాగాలను వందల నుంచి వేలకు పెంచినకొద్దీ బొమ్మ మెరుగవుతుంది, ధర పెరుగుతుంది. సాధారణ రకం పెద్ద టీవీలలో పొదుపు చేసేది ఎక్కువగా ఇక్కడే.

ఓఎల్ఈడీ అనే మరో రకంలో వెనుక దీపాలే ఉండవు. ఒక్కొక్క చుక్కా తానే ఒక దీపం. నలుపు కావాలంటే ఆ చుక్క ఆరిపోతుంది. ఇంతకంటె నిజమైన నలుపు లేదు. కాని పెద్ద కొలతలలో దాని ధర ఆకాశంలో ఉంటుంది. పైగా ఒకే బొమ్మ గంటల తరబడి, రోజుల తరబడి కదలకుండా నిలిస్తే దాని జాడ తెరమీద మిగిలిపోయే ప్రమాదం ఉంది. నల్లబల్లకు బదులుగా వాడుకునే టీవీకి ఇది చిన్న విషయం కాదు.

రంగుల మెట్లు కూడా చూడాలి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కొక్కటి 256 మెట్లుగా చూపే టీవీలో మొత్తం 1 కోటి 67 లక్షల రంగులు వస్తాయి. 1024 మెట్లుగా చూపే టీవీలో 107 కోట్లు. కోటిన్నర చాలవా అనిపిస్తుంది. మామూలు బొమ్మకు చాలు. కాని సాయంకాలపు ఆకాశం రెండు మీటర్ల మేర పరచుకున్నప్పుడు ఒక మెట్టుకూ మరో మెట్టుకూ నడుమ అంచు తెలుస్తుంది. ఆకాశం చారలచారలుగా, చీర కుచ్చిళ్లవలె కనిపిస్తుంది.

ఇక ఆ బడి సంగతికి వద్దాం.

గది పొడవు 8 మీటర్లు, వెడల్పు 6 మీటర్లు. మొదటి బెంచీ గోడకు 2 మీటర్ల దూరంలో, చివరి బెంచీ 7 మీటర్ల దూరంలో ఉన్నాయి. పూర్వ విద్యార్థులలో వయసుమళ్లిన ఒకాయన, “మాస్టారూ, ఊళ్లో చెప్పుకోవాలంటే పెద్దదే ఉండాలండీ” అన్నాడు. పట్టణంలో ఉద్యోగం చేస్తున్న మరొకరు, “పెద్దనాన్నా, మా ఇంట్లో అరవై అయిదు అంగుళాలదే ఉంది. దాని ముందు ఆ పెద్ద టీవీ వెలవెలపోతుంది. మంచి రకమే తీసుకుందాం” అన్నాడు. ఇద్దరూ నిజమే చెప్పారు. అయితే ఒకరు గొప్పను, ఒకరు తన ఇంటిని దృష్టిలో పెట్టుకొని చెప్పారు.

తెలుగు మాస్టారు మాట్లాడకుండా పాత పత్రికలు తెప్పించాడు. రెండు తెరల కొలతలకు సరిపోయేట్టు కత్తిరించి, అతికించి, గోడకు వేలాడదీశాడు. ఒక్కొక్కదానిమీద పుస్తకంలోని ఒక పుటను ముప్పై పంక్తులుగా, తెర ఎత్తుకు తగిన పరిమాణంలో పిల్లలచేత రాయించాడు. పంక్తికి పెద్దదానిలో 4 సెంటీమీటర్లు, చిన్నదానిలో 3 సెంటీమీటర్ల చోటు వచ్చింది. అప్పుడు చివరి బెంచీలోని ఒక అమ్మాయిని చదవమన్నాడు. చిన్నదానిలో ‘పుష్పం’ అన్నచోట ‘పుష్యం’ అని చదివింది. ‘ధార’ను ‘దార’ అంది. పెద్దదానిలో రెండూ సరిగానే చదివింది.

స్నెల్లెన్ లెక్కలో అక్షరం ఎత్తు ఐదు కళలు, గీత మందం ఒక కళ. ఏడు మీటర్లలో ఐదు కళలు అంటే ఒక సెంటీమీటరు. కాని అది ఆంగ్ల లిపిలోని పెద్ద అక్షరాల లెక్క. తెలుగు అక్షరం మూడంతస్తుల మేడ. పైన తలకట్టో గుడో, నడుమ హల్లు, కింద వత్తు. ద, ధల తేడా కడుపు కింద చిన్న గీత. ప, ఫల తేడా అటువంటిదే. ఈ వివరమంతా ఒక సెంటీమీటరులో ఇమడదు. అందులో చదవడమంటే గుర్తుపట్టడం మాత్రమే కాదు, అలసట లేకుండా చదవాలి. కనుక ఏడు మీటర్ల నుంచి చూసే తెలుగు అక్షరం రెండున్నర సెంటీమీటర్లైనా ఉండాలని నా అభిప్రాయం. వత్తులకూ నడుమ ఖాళీకీ కలిపి పంక్తికి ఐదు సెంటీమీటర్లు. ఆ లెక్కన 98 అంగుళాల తెరలో 24 పంక్తులు, 75 అంగుళాల తెరలో 18 పంక్తులు పడతాయి. పది పంక్తులకు మించకుండా పాఠం తయారుచేసుకునేవారికి చిన్న తెర కూడా ధారాళంగా సరిపోతుంది. కాని సిద్ధంగా దొరికే పాఠాలు మన గది చూసి తయారైనవి కావు. పుటకు పుట తెరమీద పెట్టేవే ఎక్కువ.

మరునాడు అందరం అంగడికి వెళ్లాం. అక్కడ పెద్ద టీవీలో పండ్లూ పువ్వులూ రంగుల సీతాకోకచిలుకలూ ధగధగలాడుతున్నాయి. అంగళ్లలో టీవీలను అదేపనిగా వెలుగు పెంచి, వాటికోసమే తీసిన బొమ్మలు పెట్టి చూపుతారు. వాటిని చూసి ఏ టీవీ ఎలాంటిదో చెప్పలేం. మాస్టారు జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి తన పాఠాలు పెట్టమన్నాడు. సాధారణ రకం టీవీలో అక్షరాలు బాగానే ఉన్నాయి. చీకటి దృశ్యాలు బూడిద పూసినట్లున్నాయి. తరువాత ఆయన తెరకు రెండు మీటర్ల దూరంలో, ఒక పక్కకు బాగా జరిగి నిలబడ్డాడు. మొదటి బెంచీ చివర కూర్చునే పిల్లవాడు 50 డిగ్రీలకు పైగా ఏటవాలుగా చూడవలసి ఉంటుంది. ద్రవస్ఫటికాల అమరికలో ఒక రకం ఎదురుగా చూసేవారికి మంచి నలుపునిస్తుంది, పక్కవారికి రంగులు పాలిపోతాయి. మరో రకం పక్కవారికీ రంగు నిలుపుతుంది, నలుపు మాత్రం కొంత తగ్గుతుంది. ఇంటిలో నలుగురు ఎదురుగా కూర్చునేచోట మొదటిది మేలు. నలభైమంది విస్తరించి కూర్చునే గదిలో రెండోది మేలు. ఆ పెద్ద టీవీ అదృష్టవశాత్తు రెండో రకానిది.

నలుపు సంగతి ఏమిటని పట్టణపు ఆయన అడిగాడు. పగటిపూట తరగతి గదిలో కిటికీల వెలుతురు తెరమీద పడి ఎటూ నలుపును బూడిద చేస్తుంది. మేలు రకం టీవీ చూపే చిక్కని నలుపు అక్కడ సగం వృథా. రాత్రి దీపాలార్పి, మూడు మీటర్ల దూరంలో కూర్చొని సినిమా చూసేవారైతే ఆయన మాటే నూటికి నూరుపాళ్లు సరి. అంత దగ్గర నుంచి 75 అంగుళాల తెర కూడా చూపులో చాలా భాగం నింపుతుంది. అలాంటి గదిలో కొలతకోసం నాణ్యతను వదులుకోవడం దండగ. బడి గదిలో నాణ్యతకోసం కొలతను వదులుకుంటే చివరి బెంచీ చీకటిలో పడుతుంది.

1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు ‘సైట్’ అనే ప్రయోగం జరిగింది. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒడిశాలతో సహా ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు ఉపగ్రహం ద్వారా తెలుగు, కన్నడ, ఒడియా, హిందీ భాషలలో కార్యక్రమాలు పంపారు. ఊరికి ఒక్క టీవీ. దాని చుట్టూ ఊరు ఊరంతా చేరేది. నలుపు తెలుపుల బొమ్మే, తెరా చిన్నదే. అయినా ఎవరూ చుక్కలు లెక్కపెట్టలేదు. అప్పటి పోటీ అంతా ముందు చోటు కోసమే.

చివరకు ఆ బడివారు 98 అంగుళాల టీవీనే కొన్నారు. తెచ్చి బిగించిన రోజు మధ్యాహ్నం పాఠం పెడితే తెరమీద తెలుగుకు బదులు ఎదుటి కిటికీ, కిటికీలోని వేపచెట్టు కనిపించాయి. ఈ సంగతి మాలో ఎవరికీ తట్టలేదు. గోడకు పత్రికలు వేలాడదీసినప్పుడు కాగితంలో చెట్టు నీడ కనిపించదు కదా! టీవీని పక్కగోడకు మార్చడానికి తగిన చోటు లేదు. పిల్లల తల్లులు నల్లగుడ్డ కొని కిటికీకి తెర కుట్టి ఇచ్చారు. మొదటి బెంచీని ఒక మీటరు వెనక్కి జరిపారు. ఎంతో కాలం క్రితం రికార్డు చేసిన పాత పద్యనాటకాలను పెట్టే రోజున మాత్రం, గీతలు కనిపించకుండా, టీవీలో బొమ్మను సగానికి కుదించి చుట్టూ నల్లని అంచు వదిలి చూపుతున్నారు. చివరి బెంచీ అమ్మాయి ఆ రోజున ముందుకు వచ్చి నేలమీద కూర్చుంటుంది.